అడుగు రేకు

దస్తగిరి మామ కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, బయటికి కనిపిస్తున్నవి రెండు కాళ్లే, ఆ కాళ్లను చూసే నేను ఆయన్ను గుర్తుపడుతున్నాను, చనిపోయి పదకొండేళ్లయిన మనిషి మడమల పగుళ్లలో ఇంకా గ్రీజు ఉండటం నాకు వింతగా అనిపించదు. ఆయన టింకరింగు షెడ్డే అనుకుంటున్నాను గానీ పైన రేకుల్లేవు, గోడల్లేవు, అంతా తెల్లటి ఎండ, కాసేపు ఏటి ఇసుకలాగా, కాసేపు నిన్న నేను కారు చూడబోయిన సుంకమ్మక్క పెరడులాగా ఉంది, నడుమ అంబాసిడర్. మా నాయన కారు అది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట మేము అమ్మిన కారు, ఇప్పుడు నేను మళ్లీ కొనబోతున్న కారు.

"లోపల కూర్చోని జూడు," అంటాడు కింద నుంచి.

తలుపు తీస్తే ముందు వాసన దిగుతుంది. కోళ్ల రెట్ట, ఎలుక ఉచ్చ, తడిసి కుళ్లిన కొబ్బరిపీచు, అన్నీ కలిసి ముక్కులోకి కాదు, నేరుగా నోట్లోకే వస్తాయి. సీటు చిరుగులో కళ్లు తెరవని ఎలుకపిల్లలు ఎర్రగా ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. స్టీరింగు ముట్టుకుంటే జిగట, తుడుచుకుందామంటే నా తెల్లచొక్కా తప్ప గుడ్డ లేదు.

"థూ," అంటాను.

"థూ అంటావేమిరా ఓబులేసూ? పెండ్లికొడుకు కూర్చునే బండి కదా?"

ఆయనకెట్లా తెలిసిందని అడగను. పెళ్లిళ్లకు బండ్లు అద్దెకిచ్చే ఒకాయనతో నిన్ననే ఫోనులో మాట ఖాయం చేసుకున్నాను. పాతకాలం కారు, పాలలాంటి రంగు, మెరిసే బంపర్లు, నెల తిరిగేలోగా తయారు చేసి అప్పజెప్తానని. నెలలో కుళ్లిన రేకంతా కోసి మార్చడం ఎవరి వల్లా కాదు. పుట్టీ మెత్తి రంగు కొడితే మాత్రం అయిపోతుంది.

మామ ఎప్పుడు లేచాడో, ఎదురుగా నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డ చుట్టిన మ్యాగ్నెట్. తలుపు మీద పెడతాడు, జారి పడుతుంది. మడ్‌గార్డు మీద పెడతాడు, జారి పడుతుంది. ఇంకో కారు మీదైతే ఆ మ్యాగ్నెట్ను ఊడబెరకాలంటే రెండు చేతులు కావాలి.

"ఇనుము యాడుందిరా దీంట్లో? అంతా మన పుట్టీనే," అని కాండ్రించి ఉమ్ముతాడు.

"పాత సంగతులు ఇప్పుడెందుకు మామా?"

"నిన్న సుంకమ్మ నన్ను తిట్టింది గూడా పాతదేనా?"

అంతలో అది సుంకమ్మక్క పెరడే అవుతుంది, ఆమె కుడికాలు ఈడ్చుకుంటూ మజ్జిగ గ్లాసుతో వస్తోంది, నిన్న నిజంగా వచ్చినట్టే. ఆమె మొగుడు గంగులే మా దగ్గర ఈ కారు కొని టాక్సీకి తిప్పినవాడు. మూడో నెలలో ఘాట్‌రోడ్డు మీద, వెనక సీట్లో కూర్చున్న ఈమె కాలి కింద అడుగు రేకు విరిగి, పాదం రోడ్డుకు రాసుకుని మడమ లేచిపోయింది. "ఆ దస్తగిరిగాని చేతులు పడిపోను, పైన నిగనిగలాడిచ్చి మమ్మల్ని ముంచినాడు, మీ నాయనకేం తెలుసులే పాపం," అని నిన్న అన్న మాటే ఇప్పుడూ అంటోంది, నేను కూడా నిన్నటిలాగే "అవునక్కా" అంటూ మజ్జిగ తాగుతున్నాను, ఎంత తాగినా గ్లాసు ఖాళీ కాదు, నాలుక మీద తుప్పు రుచి.

"తాగు, తాగు," అంటాడు మామ. "ఆ 'అవునక్కా' బాగా దిగిందా గొంతులోకి? ఆ పొద్దు నేనేం చెప్పినా నీకు?"

"అడుగు రేకు కోసి కొత్తది వెల్డింగు చేయాలన్నావు."

"నువ్వేమంటివి?"

నేను మజ్జిగ గ్లాసు మళ్లీ ఎత్తుతాను, మామే చెప్తాడు.

"అమ్మే బండికి అంత అవసరమా మామా, గోనెపట్ట పరిచి, తారు పోసి, పుట్టీ మెత్తితే చాలంటివి. డిగ్రీ పాసైనోడివి, నీ మాట ఇంటి. అది నా తప్పు, నేను మోస్తి. ఆ తర్వాత నా షెడ్డుకు ఒక్కడన్నా కారు తెచ్చినాడా? సైకిల్ మడ్‌గార్డులు కొట్టుకుంటా చచ్చిపోతి. నీ పేరు చెప్పినానా?"

"లేదు మామా."

"ఎందుకు చెప్పలే? నువ్వే చెప్తావులే అనుకుంటి."

ఆ మాట అని వంగి, తలుపు కింది బొక్కలో చేయి పెట్టి లాగుతాడు. ఉండలు ఉండలుగా పాత పేపరు, తారుతో తడిసినది, బొద్దింకలు గుడ్లు పెట్టినది, పేగుల్లాగా వస్తూనే ఉంది. చివరి ముక్క నా ముఖం ముందు విప్పుతాడు. డిగ్రీ ఫలితాలు. నంబర్ల వరసలో నా నంబరు చుట్టూ ఎర్ర ఇంకు సున్నా.

"చదువు రానోని షెడ్డులో పేపరు యాడిదిరా?"

నిన్న ఆ కాగితం అంచు బయటికి కనిపిస్తే సుంకమ్మక్క చూడకుండా వేలితో లోపలికి తోసింది నేనే. ఆ వేలిని ఇప్పుడు ఇసుకకు రుద్దుతున్నాను, ఎంత రుద్దినా ఆ వాసన పోదు.

"నేనంటే నీకు అసహ్యం కదా మామా?"

"నా అసహ్యం నా మీద నాకుంది. నీది నువ్వు పడు."

కారు కదులుతోంది. ఇంజనే లేదు, అయినా మలుపు తర్వాత మలుపు ఎక్కుతోంది, స్టీరింగు దగ్గర మామ, వెనక సీట్లో నేను, ఒళ్లో ఎలుకపిల్లలు. "చెప్పు," అంటాడు తల తిప్పకుండా, "కొంటే కోస్తావా, మళ్లీ మెత్తుతావా?"

"పెళ్లిబండే కదా మామా, నడక వేగంతో పోతుంది, పుట్టీ ఆగుతుందిలే," అంటాను, అది నా గొంతు కాదు, ఇరవై రెండేళ్ల వాడి గొంతు, ఎంత తియ్యగా ఉందంటే నాకే డోకు వస్తుంది, అది వచ్చేలోగా కుడికాలి కింద ఏదో నానిన రొట్టెలాగా మెత్తగా విడిపోతుంది, పాదం దిగుతుంది, కింద కంకరరాళ్లు పరుగెడుతున్నాయి.

"మామా, ఆపు!"

ఆయన వెనక్కి తిరగడు.

ఫోను మోగుతోంది. మిట్టమధ్యాహ్నం, వసారాలో మంచం మీద ఉన్నాను. సుంకమ్మక్క.

"ఓబులేసూ, సాయంత్రం బండి లాక్కపోతానంటివే, కోళ్లను ముందే గంపకెత్తల్ల. వస్తాండావా?"

"వస్తానక్కా. తీసుకుంటా, అడుగంతా కోయిస్తా. పెళ్లిళ్లాయనకు ఇవ్వను. అంతకుముందు ఒక మాట. ఆ రేకు కోసి మార్చాలనే దస్తగిరి మామ అన్నాడు. వద్దని పుట్టీ పెట్టించింది నేను."

అవతల కోడి ఒకటి అరుస్తోంది.

"ఈడికొచ్చి చెప్పు," అంటుంది సుంకమ్మక్క. "నా కాలు జూసి చెప్పు."

ఫోను పెట్టేసింది. లేవబోతే లేవలేను. మంచం నవారు ఒకచోట తెగి, నా కుడికాలు ఆ సందులోంచి మోకాలిదాకా దిగబడి, నేలకు తగలకుండా వేలాడుతోంది.