చెయ్యెత్తితే ఆగాలి

నోటికాడి కూడు లాక్కునేవాళ్లు ముందుగా మాకు చల్లటి నీళ్ల సీసాలు పంచారు. కుర్చీల్లో కూర్చోమన్నారు. మేం మార్కెట్లో సరుకు బండ్లు లాగేవాళ్లం. మమ్మల్ని కూర్చోమన్నప్పుడే అనుమానం రావాల్సింది.

హాలు గోడ మీద రాబోయే రోడ్డు బొమ్మ పెట్టారు. రేవు నుంచి మార్కెట్ మీదుగా పోయే రోడ్డు. అందులో లారీలున్నాయి, చెట్లున్నాయి, గొడుగు పట్టుకున్న అమ్మాయి కూడా ఉంది. మా బండి ఒక్కటీ లేదు. అప్పిచ్చే విదేశీ బ్యాంకు దొర ముందు వరసలో కూర్చున్నాడు. ప్రజల్ని అడగందే అప్పివ్వరట. అందుకని మమ్మల్ని అడగడానికి పిలిచారు.

"మన బండ్లు ఏ పక్క నడవాలక్కా?" అని పెద్దక్కను అడిగాను. మా బండిని ముందు ఆమె లాగుతుంది, వెనక నేను తోస్తాను.

"ఏ పక్కేంట్రా, మనమే లేం అందులో."

ఆఫీసరు చాలాసేపు చదివి, చివర్లో గొంతు పెంచాడు. "చేతిబండ్ల నిషేధంతో కూడిన ఈ రవాణా విధానమునకు సమ్మతి తెలుపువారు హస్తములు పైకెత్తవలెను."

అందులో మాకర్థమైంది నిషేధం ఒక్కటే.

మా పనిలో ఒక పద్ధతుంది. మార్కెట్ రొదలో కేక వినపడదు. ముందున్నవాళ్లు చెయ్యెత్తితే ఆగమని. వెనకవాళ్లు ఎందుకని అడగరు, తామూ చెయ్యెత్తి ఆగిపోతారు.

పెద్దక్క చెయ్యెత్తింది. నేనెత్తాను. మావాళ్లంతా ఎత్తారు. చేతులు లెక్కపెట్టి ఫొటోలు తీశారు. దొర లేచి చప్పట్లు కొట్టాడు.

"ఆగమంటే చప్పట్లేంట్రా?" అన్నాడు పక్కనున్న బక్కోడు.

ఆ ఫొటోనే బోర్డు కట్టి మార్కెట్ మొదట్లో నిలబెట్టారు. కింద 'ఇది ప్రజల నిర్ణయం' అని రాసుందని ఎవరో చదివి చెప్పారు. అందరం ఆఫీసుకు పోయాం.

"మేం ఆపమన్నాం బాబూ," అంది పెద్దక్క.

"చెయ్యెత్తారు కదమ్మా! ప్రపంచంలో ఎక్కడైనా అది ఒప్పుకున్నట్టే."

"మేమున్న ప్రపంచంలో కాదు."

ఆఫీసరు నవ్వాడు.

ఆ సాయంత్రం బండ్ల దగ్గర గొడవైంది. "తప్పు మనదే, చదువులేని ఖర్మ," అన్నాడు బక్కోడు.

"ఆగమన్నాక ఆగనోడిదిరా తప్పు!" అని పెద్దక్క కసిరింది. రోడ్డు పని మొదలెడితే బండ్లు అడ్డంపెడదామంది.

"గెలుస్తామా అక్కా?" అన్నాను.

"గెలవం."

"మరెందుకు?"

"ఎత్తెక్కేటప్పుడు ముందున్నోళ్లు బండి కాడి వదిలేస్తే చచ్చేది వెనకోడే కదరా."

రోడ్డు వేసే యంత్రం వచ్చిన రోజు బండ్లు అడ్డంపెట్టి చేతులెత్తి నిలబడ్డాం. "చేతులు దించండి!" అని పోలీసులు అరిచారు.

"ఆ రోజు ఎత్తమన్నారుగా?" పెద్దక్క ఇంకా గట్టిగా అరిచింది. "అప్పుడు లెక్కపెట్టినోణ్ణి పిలవండి, ఇప్పుడూ లెక్కపెట్టమనండి!"

యంత్రం ఆగలేదు. మొదట నలిగింది మా బండే. లాఠీ దెబ్బకు పెద్దక్క చెయ్యి విరిగింది, ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. మేం జైలు నుంచి వచ్చేసరికి రోడ్డు వేసేశారు. బక్కోడు ఊరొదిలిపోయాడు.

నిన్న అదే హాలుకు రేవు కూలీలను పిలిచారు. ఈసారి మనుషులకు బదులు క్రేన్లట. మేం గేటు దగ్గర నిలబడ్డాం. పెద్దక్క నా వైపు చూసింది. నేను చెయ్యెత్తాను. మా బండ్లకు సరుకెత్తినవాళ్లు వాళ్లు, మా సైగ వాళ్లకు తెలుసు. ముందున్న ముసలాయన ఆగి చెయ్యెత్తాడు. వెనకున్న కూలీలంతా ఎత్తారు. ఒక్కరూ గేటు దాటలేదు.

క్రేన్లు ఎలాగూ వస్తాయి. పోలీసులు మమ్మల్ని వ్యాను ఎక్కించారు. హాల్లో ఖాళీ కుర్చీల మీద నీళ్ల సీసాలు అలాగే ఉన్నాయి.