మూడో నిలువు వరుస

నక్షాలు గీసే ఆ ఆఫీసులో ఆమెను అందరూ స్కేలు అనేవారు. కంప్యూటర్లో ఆమె పేరూ అదే. ఫోల్డరులోని ఫైళ్లన్నిటినీ పేరు, తేదీ, ఎవరు చేశారన్నది మూడు నిలువు వరుసల్లో పేర్చి చూపే స్క్రిప్టును ఆమె టీ చల్లారేలోగా, ఒక్క తప్పు లేకుండా రాసి పారేసింది.

రాయమన్నది అక్క మొగుడు. ఆఫీసులో ఆమెకు పైఅధికారీ అతనే.

"మరదలా, పెద్ద వంతెన పని ఎవరికివ్వాలో సోమవారం ఇంజినీరుగారు తేలుస్తారు. నా నక్షాల జాబితా చూడముచ్చటగా ఉండాలి."

"అలాగే బావా."

ఆ పని కోసం ఆమె నాలుగేళ్లుగా కళ్లు కాయలు కాచేలా చూస్తోంది.

ఒక్క తప్పు లేకుండా అన్నది ఒట్టి కోతలెండి. మొదటిసారి నడిపితే వరుసలు తాగినవాడి నడకలా వంకర్లు పోయాయి. ఎందుకా అని రెండు రోజులు తల పట్టుకుంది. పేరు మధ్యలో ఖాళీ కనబడితే చాలు, స్క్రిప్టు పేరు అయిపోయిందనుకుని మిగతా ముక్కను పక్క వరుసలోకి తోసేస్తోంది. అలా ఖాళీలు వదిలి పేర్లు పెట్టేది ఆఫీసు మొత్తానికి బావ ఒక్కడే. అలాంటివి పదకొండు. తెరిచి చూస్తే పదకొండూ ఆమె గీసినవే.

పేర్లు మార్చి తనవనిపించుకున్నాడు. పేరు మార్చినంత మాత్రాన ఫైలు చేసినవాళ్లు మారరని ఆ మహానుభావుడికి తెలియదు. వాటి మూడో వరుస నిండా స్కేలే.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా వరుసలు సరిచేసి, సోమవారం అందరూ కూర్చున్నాకే కాగితం బావ చేతిలో పెట్టింది.

అతను రెండు వరుసలు చదివి ఆగాడు.

"మూడోది?" అన్నాడు ఇంజినీరు.

"అదేదో కంప్యూటర్ గొడవండి."

"గొడవేం కాదు బావా, ఫైలు ఎవరు చేశారన్నది," అంది ఆమె. "కాస్త పైకి చదువు. వెనకవాళ్లకి వినబడట్లేదు."

"స్కేలు," అన్నాడు.

"తర్వాతది?"

నాలుగోదానికి గొంతెండి గ్లాసెడు నీళ్లు తాగాడు. ఆరోదాన్ని దాటేయబోయాడు.

"ఒకటి వదిలేశావు బావా."

పదకొండూ చదివాకే ఆమె కూర్చుంది. వంతెన ఆమెకు దక్కింది. అక్క మాటలు మానేసింది. అయినా ఆ కాగితాన్ని ఆమె బావ కుర్చీకి ఎదురుగా గోడకంటించింది.

ఇందులో నేను అల్లిన ఇంకోటి ఆ గ్లాసెడు నీళ్లు. నీళ్ల జగ్గు ఆమె మోచేతి పక్కనే ఉంది. ఆమె దాన్ని బావ వైపు జరపలేదు.