చెప్పడం నా వంతు

ఆదివారం పొద్దున మేజోళ్లు జతలు కలుపుతున్నాను. స్నానాల గదిలోంచి మా ఆయన కేక, "నా నీలం చొక్కా ఎక్కడ?" హాల్లోంచి అత్తయ్య, "అమ్మాయ్, నా బీపీ బిళ్ల వేసుకున్నానా?" ఆవిడ మింగిన బిళ్ల కూడా నేనే గుర్తుంచుకోవాలి! ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన మురిసిపోతూ అంటాడు, "మా ఆవిడ లేకపోతే ఈ ఇంట్లో చెంచా కూడా దొరకదు" అని. ఆ పొగడ్త విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వెతుక్కోవడం మీకెందుకు రాదని ఆయన్నెవరూ అడగరు.

ఆఫీసులోనూ ఇదే తంతు. మాది రంగుల కంపెనీ. కొనేవాళ్లు తెచ్చిన గోడపెచ్చుకో గుడ్డముక్కకో సరిపోయే రంగు కలిపే గదిలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నేను చేరినప్పుడున్న పెద్దాయన కొలపాత్రకు చెయ్యి అడ్డం పెట్టుకుని కలిపేవాడు. "చెప్పేస్తే ఇక నా విలువేముంటుందమ్మా?" అనేవాడు. ఆయన ముంజేతి మీద మరకలు చూసి నేర్చుకున్నాను. అలాంటి మనిషిని కాకూడదని ఒట్టు పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ విప్పి చెప్పాను. తడిమీద సరిపోయిందని సంబరపడొద్దు, ఆరాక ముదురుతుంది. ట్యూబులైటును నమ్మొద్దు, కిటికీ దగ్గర చూడు. నలుపు ఎప్పుడూ ఆఖర్న, చుక్కల్లోనే. అలా నేర్చుకున్న ఇద్దరు నాకే పైఅధికారులయ్యారు. చెప్పడం నా వంతు, కుర్చీ వాళ్ల వంతు.

ముందురోజే మేనేజరు పిలిచాడు. "మేడమ్, సెక్షన్ హెడ్ పోస్టుకి మీ శిష్యుణ్ణే అనుకుంటున్నాం. మీకు తెలిసిందంతా ఓ ఫైల్లో రాసిచ్చేయండి, సోమవారానికి. మీ చేతికింద పెరిగినవాడే కదా!" ఆ పోస్టు నోటీసు వారం రోజులుగా బోర్డు మీద ఉంది. రోజూ చదువుతూనే ఉన్నాను. చదివి ఏం చేశాను? "ఆఖరు తేదీ సోమవారం, దరఖాస్తు పెట్టుకో నాయనా" అని శిష్యుడికి చెప్పొచ్చాను. నా బుద్ధి గడ్డి తింది!

ఈ మాట చెబితే మా ఆయన తల తుడుచుకుంటూ, "రాసిచ్చెయ్, నీకేం పోయింది? ఆ కుర్చీ ఎక్కితే ఇంటికి ఆలస్యమవుతావు. అమ్మ మందులెవరు చూస్తారు?" అన్నాడు.

"మీరే," అన్నాను. పక్కన కూర్చోబెట్టి ఏ బిళ్ల ఎప్పుడో చెప్పాను. ఆయన కళ్లు తేలేశాడు.

మధ్యాహ్నమంతా ఆలోచించాను. ఏమీ రాయకుండా దాచుకుంటే? నిజం చెప్పొద్దూ, ఆ కోరిక పుట్టింది. పెద్దాయన గుర్తొచ్చాడు. పాపం, జీవితమంతా భయపడుతూ బతికాడు. చెప్పడం తప్పు కాదు. చెప్పేసి గోడవారకి జరిగి నిలబడ్డానే, అదే తప్పు. కూర్చుని ముప్ఫై పేజీలు రాశాను, నేను చెడగొట్టిన డబ్బాల సంగతితో సహా. కింద నా సంతకం పెట్టాను.

సోమవారం ఆ పేజీల నకళ్లు గదిలో అందరికీ పంచాను, డబ్బాలు కడిగే ఆవిడకు కూడా. మేనేజరు బల్లమీద ఫైలు పెట్టి, దానిమీద విడిగా ఒక కాగితం పెట్టాను.

"ఇదేంటి మేడమ్?"

"దరఖాస్తండి. హెడ్ పోస్టుకి."

"మీరా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడగలేదే!"

"అందరికీ అన్నీ నేర్పాను గానీ, అడగడం నాకు ఆలస్యంగా వచ్చిందండి. అందినట్టు సంతకం పెట్టివ్వండి."