చివరి వరుసకు కనిపించని ఆకులు

మూతపడిన నూలు మిల్లును నాటకశాల చేశాక మా ఊరి తీరే మారిపోయింది. పొద్దుగూకితే కుక్కలు తప్ప తిరగని వీధిలో ఇప్పుడు టీకొట్లు, పూలకొట్లు. దర్జీకి రాజుల అంగీలు కుట్టడంతో తీరికే లేదు. పక్క ఊళ్ల వాళ్లు కూడా మా ఊరికి ఆట చూడ్డానికి వస్తున్నారు. మంచిదే. కానీ ఆ వెలుగంతా మా తోటికోడలి ఇంటి మీదే పడుతుంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

ఆవిడ కూతురు నాటకంలో రాణి. గోడలనిండా దాని బొమ్మలే. నా కూతురు ఆ రాణి వెనక వేలాడే తెర మీద అడవి గీసే పిల్ల. నిచ్చెన మీంచి పడితే కాలు విరుగుతుందని, రంగుల వాసనకు ఊపిరి పాడవుతుందని నాకు కంటిమీద కునుకుండదు. అయినా ఓర్చుకున్నాను. ఈ తెర నచ్చితే నాటకశాల కమిటీ వాళ్లు పిల్లను శాశ్వతంగా పనిలోకి తీసుకుంటామన్నారు మరి.

ఆట రోజు పొద్దున క్యారియర్ పట్టుకుని వెళ్లాను. తెర దగ్గరికెళ్లి చూసేసరికి గుండె జారిపోయింది. అవి ఆకులు కావు, చీపురుతో కొట్టిన మరకలు.

"ఇదేంటే, బురద చల్లినట్టుంది?"

"దగ్గర్నుంచి అలాగే ఉంటుందమ్మా. వెనక సీట్లలోంచి చూడు."

"వెనక సీట్ల వాళ్లిస్తారా నీకు ఉద్యోగం?"

అంతలో తోటికోడలు కూతురి కిరీటం మోసుకుంటూ వచ్చింది. తెరను ఎగాదిగా చూసి, "బాగుంది చెల్లీ! ఇంకా పూర్తి కాలేదు కదూ?" అంది.

ఒళ్లు భగ్గుమంది. ఆవిడ అటు వెళ్లగానే, "ఆ మధ్య చెట్టుకైనా ఆకు ఆకూ విడివిడిగా గియ్యి. గియ్యకపోతే నా మీద ఒట్టే" అన్నాను. పిల్ల గొణుక్కుంటూనే సన్న కుంచె తీసి, ఈనెలతో సహా గీసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం ముందు వరుసలన్నీ తోటికోడలి పుట్టింటివాళ్లతో నిండిపోయాయి. నాకు చివరి వరుసే గతయింది. వేదిక ముందు తెర లేచింది. అడవి! పొద్దుటి మరకలన్నీ ఆకులై గాలికి ఊగుతున్నట్టున్నాయి. మధ్యలో మాత్రం, నేను పట్టుబట్టి గీయించిన చోట, అంత దూరానికి ఆకూ లేదు ఈనే లేదు. రంగు కొట్టిన గోడలా చదునుగా, ఒట్టి ఆకుపచ్చ. నా నోటితో నేనే పిల్ల ఉద్యోగం ఊడగొట్టాననుకున్నాను.

రాణి వచ్చి సరిగ్గా అక్కడే నిలబడింది. చుట్టూ అడవి కదులుతుంటే, ఆ చదును మీద దాని మొహం వెలిగిపోయింది. హాలంతా ఒకటే చప్పట్లు.

ఆట అయ్యాక కమిటీ పెద్దాయన నా కూతుర్ని పిలిచాడు.

"రాణి నిలబడే చోట అడవిని అణిచావు చూడు, పనితనమంటే అదమ్మా! కావాలనే చేశావా?"

పిల్ల నావైపు చూసింది. "మా అమ్మ చేయించిందండీ."

"అయితే ఇద్దరికీ శభాష్. రేపట్నుంచి పనిలోకి వచ్చెయ్."

నేను నోరు తెరిచేలోపే తోటికోడలు నా భుజం తట్టింది. "మా అమ్మాయి అక్కడ నిలబడబట్టి బతికిపోయారు చెల్లీ!"

"అవునక్కా" అన్నాను, పళ్లు బిగబట్టి.

ఇంటిదారిలో పిల్లను అడిగాను. "వచ్చే నాటకంలో ఆ రాణిని ఓ మూలకి నిలబెట్టకూడదూ?"

"అది డైరెక్టర్ గారి ఇష్టమమ్మా."

"ఆయనకేం కూరలిష్టమో కనుక్కో."