దాని కింది వచనం

తడిసిన పక్కగుడ్డలు బకెట్లో వేసి, అత్తగారిని ఒక పక్కకి ఒత్తిగిలించి, వీపుకి పౌడరు రాస్తూ ఉండగా దోహా నుంచి ఫోను మోగేది. దీవెన చేతులు కడుక్కుని వచ్చేలోపు, పక్షవాతం తగలని ఎడం చేత్తో అత్తగారు సంతోషమ్మగారే ఫోను నొక్కేవారు. మొగుడు శ్యామ్ బాబు గొంతు గదంతా నిండేది. "దీవెనా, లేచేవా? మనము ఒకరికొకరము దూరముగా నుండగా యెహోవా నాకును నీకును జరుగు సంగతి కనిపెట్టును. ఆదికాండం ముప్పై ఒకటి, నలభై తొమ్మిది. అమ్మకి బీపీ మాత్ర మర్చిపోకు." ఇంతే. తర్వాత డ్యూటీకి టైమయిందని పెట్టేసేవాడు. ఆ మాత్రం వినడం కోసమే దీవెన తెల్లారగట్ల మొహం కడుక్కుని బొట్టులేని నుదుటి మీది జుట్టు సవరించుకునేది, ఎవరో చూస్తున్నట్టు.

అతను మొదటిసారి దోహా వెళ్ళేటప్పుడు పాత పాస్టరుగారు ఇద్దరి తలల మీదా చేతులుంచి ఆ వచనమే చెప్పారు. భార్యాభర్తలు దూరంగా ఉన్నప్పుడు దేవుడు మధ్యలో కూచుని ఇద్దర్నీ కాపాడతాడన్నారు. దీవెన ఆ మాట అలాగే నమ్మింది. అప్పటికి ఆమె అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. తెల్ల కోటు వేసుకుని రాజోలు బస్సులో వెళ్ళి వచ్చేది. అత్తగారు వంటింట్లో పడిపోయిన నెలలో శ్యామ్ బాబు ఫోనులో అడిగాడు, "ఊళ్ళో వాళ్ళ అమ్మలందరికీ చేస్తావు, మా అమ్మకి చెయ్యలేవా?" అని. ఆ ప్రశ్నకి జవాబు ఉంటుందని కూడా తోచక ఉద్యోగం మానేసింది. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ వెళ్తానంటే, "నేను పంపేది చాలట్లేదా? డ్యూటీ చెయ్యాలని అంత సరదాగా ఉంటే ఇంట్లోనే ఉంది కదా పేషెంటు" అని నవ్వాడు. ఆడపడుచు చిన్ని కొత్తపేట నుంచి క్రిస్మస్‌కి వచ్చి, తల్లి మంచానికి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, "నీ చెయ్యి మంచిది వదినా, నాకైతే ఈ వాసనకి కడుపులో తిప్పుతుంది" అనేది. దీవెనకి ఆ వాసన తెలియడం ఎప్పుడో మానేసింది. పిల్లల మాట ఎవరైనా ఎత్తితే, వస్తాడు కదా, ఈసారి సెలవు ఎక్కువ పెడతాడులే అని తనే సర్దిచెప్పేది. సంఘ పెద్ద, శ్యామ్ బాబుకి చిన్నాన్న అయిన జగ్గారావుగారు ఆదివారం ఆరాధనలో నిలబడి "మా దీవెనమ్మని చూసి నేర్చుకోండి" అన్నప్పుడు ఆమె తలవంచుకునేది గానీ, లోపల ఎక్కడో ఒక పువ్వు విచ్చుకున్నట్టే ఉండేది. జీతం లేని పనికి అదే జీతమని అప్పుడు ఆమెకి తట్టలేదు.

పోయిన వేసవిలో సంఘానికి కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయన భార్య ప్రసన్న గురువారం స్త్రీల కూటం నడిపేది. అంతకుముందు కూటంలో వాగ్దానాల పెట్టె తిప్పేవారు. తలా ఒక చీటీ తీసి, వచ్చిన వచనాన్ని కళ్ళకద్దుకుని ఇంటికి వెళ్ళిపోయేవారు. ప్రసన్న ఆ పెట్టె బీరువాలో పెట్టేసింది. "ఆ మాట ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, దాని పైన ఏముంది, కింద ఏముంది, అన్నీ చూసి చదువుకుందామండీ. వారానికి ఒక అధ్యాయం, తలా ఒకరు" అంది. ఆడవాళ్ళకి మొదట విసుగేసింది. తర్వాత కథలో పడ్డారు.

ఆదికాండం ముప్పై ఒకటో అధ్యాయం వచ్చిన వారం దీవెన చెయ్యెత్తి, తనే చదువుతానంది. అది నా అధ్యాయమండీ అని కూడా అంది. యాకోబు భార్యల్ని, పిల్లల్ని, మందల్ని తీసుకుని మావగారికి చెప్పకుండా పారిపోయాడు. ఆ మావ లాబాను వెంటపడ్డాడు. యాకోబు భార్య రాహేలు తన తండ్రి విగ్రహాలు దాచి, వాటి మీద కూచుని, నేను లేవకూడని రోజుల్లో ఉన్నాను నాన్నా అంది. అక్కడ అందరూ పమిటలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మావా అల్లుళ్ళు ఒకరినొకరు దెప్పిపొడుచుకున్నారు. ఆఖరికి రాజీకి గుర్తుగా రాళ్ళు కుప్ప వేశారు. నలభై తొమ్మిదో వచనం వచ్చేసరికి దీవెన పుస్తకం వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, శ్యామ్ బాబు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడే ఆగుతూ చెప్పింది. కళ్ళు తెరిచి కిందికి చదివింది. నీవు నా కుమార్తెలను బాధపెట్టినను, నా కుమార్తెలను గాక యితర స్త్రీలను పెండ్లి చేసికొనినను...

వేలు ఆ వరస మీద పెట్టుకుని మాట పూర్తి చేసింది.

"చూసేరా అండీ," అంది ప్రసన్న, ఊరికి కొత్త కాబట్టి ఏమీ తెలియక. "మనం దీన్ని ప్రేమ వచనం అనుకుంటాం. ఇది నమ్మకం లేని మావగారు అల్లుడికిచ్చిన హెచ్చరిక. నా కూతుళ్ళకి అన్యాయం చేస్తే నాకు తెలియకపోవచ్చు, పైనున్నాయనకి తెలుస్తుంది, జాగ్రత్త అంటున్నాడు."

మామూలుగా ప్రసన్న ఏం చెప్పినా ఆయ్, ఆయ్ అనే ఆడవాళ్ళు ఒక్కరూ పలకలేదు. ఒకావిడ చాప పుల్ల పీకుతోంది. ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని, దీవెన వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నారు. ఆ చూపు దీవెనకి బాగా తెలుసు. ఆసుపత్రి వరండాలో, రోగికి ఇంకా చెప్పని జబ్బు పేరు తెలిసిన చుట్టాలు మంచం వైపు అలాగే చూస్తారు. ఈ మంచం మీద ఉన్నది తనేనని అర్థమయ్యేసరికి ఆమె పుస్తకం మూసేసింది.

కూటం అయ్యాక కాలవగట్టు మీద దీవెన పక్కింటి సుగుణని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎవరావిడ?"

"నాకేం తెలీదు దీవెనా."

"చదువుతుంటే నా మొహం చూడలేకపోయేవు. చెప్పు."

సుగుణ కాలవలోకి చూస్తూ చెప్పింది. మలికిపురం అమ్మాయి, దోహాలో ఇళ్ళల్లో పనికి వెళ్ళింది. శ్యామ్ బాబూ ఆ అమ్మాయీ దండలు మార్చుకున్నారట. ఒకే గదిలో ఉంటున్నారట. అతను సెలవుకి వచ్చినప్పుడు స్నేహితుడింటికని రెండేసి రోజులు వెళ్ళేది ఆ అమ్మాయి వాళ్ళింటికే. "మీ అత్తగారు పడిపోకముందు నుంచీ ఉందంట. మీ ఇంట్లో అందరికీ తెలుసు. నీకే..." అని ఆగిపోయింది.

దీవెన ఇంటికెళ్ళి, ముందు జావ కాచింది. తలగడ ఎత్తుచేసి, గడ్డం కింద తువ్వాలు పెట్టి, చెంచాతో తాగించింది. మూతి తుడిచాక అడిగింది. "మలికిపురం సంగతి మీకు తెలుసా అత్తయ్యగారూ?"

సంతోషమ్మగారి ఎడం చెయ్యి దుప్పటి అంచుని వెతుక్కుంది. వంకరపోయిన పెదవి మీంచి మాట వచ్చింది. "తెలుసమ్మా."

"ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే వెళ్ళిపోతావు కదా."

నువ్వు బాధపడతావని అన్నా సరిపోయేది. సంసారం నిలబడుతుందని అన్నా, కొడుకు మీద పిచ్చి ప్రేమ అన్నా దీవెన ఏదోలా మింగేది. ఆవిడ అబద్ధం కూడా ఆడలేదు. వీళ్ళందరూ నోళ్ళు మూసుకుని కాపాడింది తన కాపురాన్ని కాదు, తన చేతుల్ని. పొద్దున్నే గుడ్డలు మార్చే చేతులు, రెండు గంటలకోసారి ఒత్తిగిలించే చేతులు, పుండు పడకుండా పౌడరు రాసే చేతులు. మొగుడు మోసం చేశాడంటే లోకంలో ఎందరికో జరిగేదే. కానీ ఈ గదిలో, ఒకే వాసనలో కలిసి బతికిన మనిషి, జ్వరం వస్తే అమ్మా అని తననే పిలిచిన మనిషి, ప్రతి పొద్దునా ఆ ఫోను నొక్కి, కొడుకు చెప్పే వచనం తనతో పాటే విని, "ఆమెన్" అనేది. ఆ ఆమెన్ గుర్తొచ్చినప్పుడు దీవెనకి ఏడుపొచ్చింది. శ్యామ్ బాబు గుర్తొచ్చి కాదు.

మర్నాడు అతని ఫోను కోసం ఆగకుండా తనే చేసింది. అతను కాదనలేదు. "నీకేం తక్కువ చేసేను? ఇల్లు నీదే కదా. దేవుడు చూస్తున్నాడు దీవెనా, నా మనసు ఆయనకి తెలుసు."

"ఆయన చూస్తున్నాడని మీరు రోజూ చెప్పేరు," అంది దీవెన. "అందుకే నేను చూడక్కర్లేదనుకున్నాను."

ఫోను పెట్టేసి, అమలాపురం ఆసుపత్రిలో తన పాత హెడ్ నర్సుకి చేసింది. ఆవిడ ఏమీ ఆరా తియ్యలేదు. "యూనిఫారం పడుతుందో లేదో చూసుకో" అంది. ఆ పై వారమంతా దీవెన పని మానలేదు. మధ్యాహ్నాలు అత్తగారు నిద్రపోయాక బైబిలు తీసి, ఎవరో చెప్పగా తనకి వచ్చిన వచనాలన్నీ ఒక్కొక్కటే వెతికి, పైనా కిందా చదువుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, సంగతి తెలిసి జగ్గారావుగారు ఇంటికి వచ్చారు. కుర్చీలో కూచుని మంచినీళ్ళు తాగి, నిదానంగా మొదలుపెట్టారు. "మగాడన్నాక తప్పటడుగు పడుతుందమ్మా. వాడి సంగతి నేను మాట్లాడతాను. మా వదినేం చేసింది? రూతుని చూడు. నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను అంది. మొగుడు లేకపోయినా అత్తని వదల్లేదు."

"ఆయ్," అంది దీవెన. "నేనూ చదివేనండి. అంతకుముందు రూతు అత్తగారు నయోమి ఏమందో చూసేరా అండీ? మీ పుట్టిళ్ళకి వెళ్ళిపోండమ్మా అంది. నా దగ్గర ఇంక మీకు ఏమీ లేదు అని ఉన్నదున్నట్టు చెప్పింది. అది విన్నాకే రూతు ఉంటానంది."

"ఆ సందర్భం వేరమ్మా."

దీవెన మంచం దగ్గరికి వెళ్ళి వంగింది. "అత్తయ్యగారూ, ఒక్కసారి నన్ను వెళ్ళమని అనండి."

సంతోషమ్మగారు మరిది వైపు చూశారు. జగ్గారావుగారు ఒక్క క్షణం ఆలోచించి, మొహం తేటపడి, అను వదినా అన్నట్టు తలూపారు. ఆ మాట అంటే ఈ పిల్ల ఉంటుంది, కథలో జరిగినట్టే. పెద్దావిడ కళ్ళలోనూ ఆ ఆశే కదిలింది. వంకర పెదవిని కూడదీసుకుని, "వెళ్ళమ్మా" అన్నారు. అని, దీవెన నోటి వంకే చూస్తూ ఉండిపోయారు.

దీవెన ఆవిడ నుదుటి మీద ముద్దు పెట్టింది. అప్పుడు మాత్రం కళ్ళలో నీళ్ళాగలేదు. లేచి నిలబడి పమిటతో మొహం తుడుచుకుంది.

"చిన్నికి ఫోను చేసేనండి మావయ్యగారూ, రేపొస్తోంది. ఒత్తిగిలించడం, మందులు, అన్నీ దగ్గరుండి నేర్పి, తనకి చెయ్యి తిరిగేకే వెళ్తాను," అంది. "నయోమికి ఇద్దరు కోడళ్ళు. ఇంకో ఆవిడ పేరు ఓర్పా. అత్తగారిని ముద్దు పెట్టుకుని, ఏడ్చి, తన దారిన తను వెళ్ళిపోయింది. ఆ పుస్తకం ఆఖరిదాకా చదివేను. ఆవిణ్ని దేవుడు ఒక్క మాటా అన్లేదండి."