గోడ మీది ఎండముక్క

ఎలిజబెత్ టీచరుది నర్సాపురం. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చి మాదాపూర్‌లో ఒక బడిలో చాలా ఏళ్లు సోషల్ చెప్పింది. రోజంతా నిలబడడం కష్టమయ్యాక ఉద్యోగం మానేసి, ఇళ్లకు వెళ్లి ట్యూషన్లు చెప్పుకుంటోంది. చలికాలం మొదట్లో ఒకరోజు కొండాపూర్ నుంచి లక్ష్మీదేవి అనే ఆవిడ ఫోన్ చేసింది. ప్రొద్దుటూరు మనిషి. కూతురు కృష్ణప్రియ స్కూటీ మీద నుంచి పడి వెన్నుపూస చిట్లిందనీ, కదలకుండా వెల్లకిలా పడుకోమన్నారనీ, వేసవిలో పదో తరగతి పరీక్షలనీ చెప్పింది.

"అన్ని సబ్జెక్టులూ మీరొక్కరే చెప్పాల మేడమ్. నలుగురు టీచర్లు వచ్చిపోతాంటే పాప మొగం తిప్పేసుకుంటాది."

"లెక్కలు నాకంత బాగా రావండి."

"పాపకు వస్తాయిలే. మీరు పక్కన కూచుంటే చాలు."

అలా మొదలైంది ఆ చదువు. నాలుగో అంతస్తులో గది, కిటికీ వైపు కాళ్లు పెట్టి పడుకున్న పిల్ల, మంచం పక్కన కుర్చీలో టీచరు. కింద రోడ్డు మీద బండ్ల హోరు కిటికీ దాకా వచ్చేసరికి మెత్తబడిపోయేది. కళ్లు మూసుకుంటే ఎలిజబెత్‌కు అది తమ ఊరి సముద్రంలా వినిపించేది.

పొద్దున పాఠం మొదలైన కాసేపటికి, రోడ్డవతలి ఆఫీసు అద్దాల మీద పడిన ఎండ వెనక్కి తిరిగి ఆ గదిలోకి వచ్చేది. మంచం పక్కనున్న గోడ మీద వాలి, పరదా కదిలినప్పుడల్లా నీళ్లలో ఉన్నట్టు వణికేది. ఇద్దరూ పాఠం ఆపి దాన్నే చూస్తుండేవాళ్లు.

"సూర్యుడు పైకెక్కుతుంటే ఇది కిందికి దిగుతోంది, చూశారా మేడమ్?" అంది కృష్ణప్రియ ఒకరోజు. ఆరోజు ఫిజిక్స్ పాఠం దాంతోనే గడిచింది. మర్నాడు ఎలిజబెత్ ఆ ఎండముక్కనే దేశపటం చేసింది.

"ఈ చివర మచిలీపట్నం రేవు అనుకో. ఈ చివర గోల్కొండ. ఈ దారి వెంట వజ్రాలు, అద్దకం బట్టలు ఎడ్లబండ్ల మీద వెళ్లేవి. రేవులో ఓడలు కాచుకుని ఉండేవి."

"మరి మనముండే చోటు?"

"రాళ్లు, సీతాఫలం చెట్లు, నక్కలు అయ్యుంటాయి."

పిల్ల కళ్లు మూసుకుంది. "బండ్ల చప్పుడు వినిపిస్తోంది మేడమ్," అంది. హిస్టరీ అంటే విసుక్కునే పిల్ల ఆ మాటనేసరికి టీచరు కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

లెక్కల దగ్గర మాత్రం వాళ్ల పాత్రలు మారిపోయేవి. త్రికోణమితి లెక్క చదివి ఎలిజబెత్ తికమక పడుతుంటే, పిల్ల పడుకున్న చోటే గాల్లో వేలితో త్రిభుజం గీసి విడమరిచి చెప్పేది. "అర్థమైందా మేడమ్?" అని అడిగేది. "ఇంకోసారి చెప్పమ్మా," అనేది టీచరు, సిగ్గుపడకుండా.

సంక్రాంతి దాటాక డాక్టరు, ఇక మెల్లగా లేచి కూర్చోవచ్చన్నాడు. తల్లి పట్టుకుని లేపింది. గది గిర్రున తిరిగినట్టై కృష్ణప్రియ కెవ్వుమని కేకేసి వెనక్కి పడిపోయింది. ఆ తర్వాత ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ వారంలోనే ఎండముక్క రావడం కూడా మానేసింది.

"సూర్యుడు ఉత్తరానికి జరుగుతున్నాడు కదమ్మా. ఎండ ఇప్పుడు వేరే ఇంట్లో పడుతుంటుంది," అంది ఎలిజబెత్.

"పోనివ్వండి. అదీ రాదు, నేనూ లేవను. పరీక్ష రాసేది లేదు. రేపట్నుంచి మీరు రాకండి మేడమ్."

వంటింటి గుమ్మంలో నిలబడి లక్ష్మీదేవి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎలిజబెత్ ఆమె చెవిలో ఏదో చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు ఎండ బాగా ఎక్కిన వేళ కృష్ణప్రియ శూన్యంగా పైకప్పు చూస్తూ పడుకుంది. ఉన్నట్టుండి దాని మీద వెలుగు పడింది. చిన్నది, గుండ్రంది. అరచేతంత వెలుగు కప్పంతా ఈదుతూ తిరిగి, ఫ్యాను రెక్క దాటి ఒకచోట ఆగింది. ఫోన్ మోగింది.

"కనిపించిందా?" ఎలిజబెత్ గొంతు.

"మేడమ్, మీరా! ఎక్కడున్నారు?"

"నువ్వే చెప్పాలి. లెక్కల్లో నాకు గురువ్వి కదా."

కృష్ణప్రియ కప్పునూ కిటికీనీ మార్చి మార్చి చూసింది. "మునుపు ఎండ పైనుంచి వచ్చి గోడ మీద పడేది. ఇప్పుడు పైకప్పు మీద పడిందంటే కింది నుంచి వస్తోంది. రోడ్డు మీదున్నారు." వేలు గాల్లో గీతలు గీస్తోంది. "నిటారుగా వస్తే కిటికీ దగ్గరే పడాలి. ఇది లోపలి దాకా వచ్చింది. కాబట్టి మీరు దూరంగా, అవతలి ఫుట్‌పాత్ మీదున్నారు. వెలుగు నాకు కుడివైపు పడింది. మీరు కిటికీకి ఎడమవైపు… ఆ ఆఫీసు గేటు దగ్గర. కరెక్టేనా?"

"చూస్తే కదా తెలిసేది!"

పిల్ల ఫోన్ పక్కన పెట్టింది. "అమ్మా," అని పిలిచింది. "పట్టుకో. మెల్లగా."

గది మళ్లీ తిరిగింది. ఈసారి ఆమె కళ్లు మూసుకోలేదు. వెలుగు కప్పు మీద అలాగే ఉంది. దాన్నే చూస్తూ, తల్లి భుజం గట్టిగా పట్టుకుని, కొంచెం కొంచెంగా లేచి కూర్చుని, కిటికీ దాకా జరిగింది. కిటికీ అంచు మీదుగా నగరం తేలుతూ వచ్చినట్టుంది. అద్దాల గోడలు, వాటిలో ఈదే మబ్బులు, దూరంగా క్రేను. తర్వాత రోడ్డు. గేటు పక్కన, కొంగు తల మీద కప్పుకుని, చేతిలో అద్దంతో ఎలిజబెత్ టీచరు.

గేటు కాపలా కాసే బాలనర్సయ్య అప్పటికే ఆవిడ దగ్గరికొచ్చాడు. "ఏంది మేడమ్, గీ అద్దమేంది? లోపలోళ్లు అడిగితే నేనేం చెప్పాలె?"

"పాఠం చెబుతున్నానండి," అంది ఎలిజబెత్.

ఆయన అయోమయంగా ఆమె చూపు వెంట పైకి చూశాడు. నాలుగో అంతస్తు కిటికీలో ఒక పిల్ల, ఏడుస్తూనే నవ్వుతూ చెయ్యూపుతోంది. "జర జల్దీ కానియ్యుండ్రి," అని గొణిగి, ఎండ అడ్డం రాకుండా పక్కకు జరిగాడు.

ఆ రోజు నుంచి కృష్ణప్రియ కూర్చుని చదివింది, మొదట కాసేపు, తర్వాత పూటంతా. నడుముకు బెల్టు కట్టుకుని పరీక్షా కేంద్రంలో మెట్లెక్కక్కర్లేని కింది అంతస్తు గదిలో పరీక్షలు రాసింది. లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. సోషల్‌లో ఒక జవాబు ఇష్టంతో మరీ పొడుగ్గా రాసి, చివరి ప్రశ్నకు టైమ్ చాలక మార్కులు పోగొట్టుకుంది. లెక్కలు రావన్న ఎలిజబెత్ ఇప్పుడు నార్సింగిలో ఒక కుర్రాడికి లెక్కలు చెప్పడానికి ఒప్పుకుంది.

ఫలితాలొచ్చాక ఒక మధ్యాహ్నం కృష్ణప్రియ చేతికర్రతో, తల్లి వెంట టీచరు ఇంటికొచ్చింది. బయట వాన ముసురుకుంది. పెద్దవాళ్లిద్దరూ మామిడిపళ్లు కోస్తూ మాట్లాడుకుంటుంటే, పిల్ల చాప మీద ఒత్తిగిలి పడుకుని నిద్రపోయింది.

"ఇంటర్‌లో ఏం తీసుకుంటుందండి?" అడిగింది ఎలిజబెత్.

"అడిగితే నవ్వుతాంది మేడమ్. ఇంగా ఏమీ చెప్పల్యా."

"చెబుతుందిలెండి. తొందరేముంది," అంటూ లేచి, ఫ్యాను కొంచెం తగ్గించింది.