మేస్త్రీ వెళ్లిపోలేదు

చైనా పెట్టుబడుల మీద మూడేళ్లుగా పరిశోధన చేస్తున్న ఒకావిడ, చైనా కంపెనీలు స్థానికులకు పని నేర్పవని ఒక అధ్యాయమంతా రాసి పెట్టుకుంది. అచ్చుకిచ్చే ముందు ఒకసారి చూసొద్దామని, మూతపడ్డ ఒక చైనా బూట్ల ఫ్యాక్టరీకి వెళ్లింది. గేటుకు తాళం వేసి ఉంది. కానీ ఎదురుగా ఉన్న చిన్న షెడ్డులో కుట్టుమిషన్లు హోరెత్తిపోతున్నాయి. దాని యజమానురాలు ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీలో కూలీ; ఇప్పుడు మిషను చెడితే తనే విప్పి బాగుచేస్తోంది.

"మిషన్లు బాగుచేయడం మీకెవరు నేర్పారమ్మా?" అని అడిగింది పరిశోధకురాలు.

"ఇంకెవరు, మా చైనా మేస్త్రీగారే! అదిగో, ఆయనే. కంపెనీ వెళ్లిపోయినా ఆయన వెళ్లనన్నారు. అప్పుడు ఆయన కింద నేను చేశాను, ఇప్పుడు నా దగ్గర ఆయన చేస్తున్నారు. తిట్లు మాత్రం ఇప్పటికీ నాకే!"

మూలన సూది బిగిస్తున్న ముసలాయన తల ఎత్తకుండానే, "నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ!" అన్నాడు వచ్చీరాని స్థానిక భాషలో. షెడ్డంతా ఘొల్లుమని నవ్వింది.

అధ్యాయం తిరగరాయాల్సి వస్తుందని పరిశోధకురాలికి అర్థమైంది. అయినా మనసు తేలికపడింది. స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుని, "మొదటి రోజు ఈవిడకేం నేర్పారు?" అని అడుగుతూ నోటుబుక్కు తెరిచింది.